కృష్ణమ్మ కొట్టం కింద భూకంపం

భూమి తన ఇష్టం వచ్చినప్పుడు కదలవచ్చు గాని, ఎక్కడ కదిలిందో చెప్పే అధికారం మాత్రం దానికి లేదు. నైజాం జమానా చివరి రోజుల్లో పాతబస్తీలో ఆ అధికారం భూకంప స్థాన నిర్ధారణ కచేరీది.

పద్ధతి శాస్త్రీయమే. ధూల్‌పేట్, సైదాబాద్, ఫలక్‌నుమాల్లో మూడు చౌకీలు, చౌకీకొక గడియారం, గడియారానికొక నౌకరు. కుదుపు ఏ చౌకీకి ముందు తగిలిందో, దేనికి వెనక తగిలిందో చూస్తే నగరం కింద పగులు ఎక్కడుందో తేలుతుంది.

ఒకనాడు కుదుపు వచ్చింది. ధూల్‌పేట్ నౌకరు పది గంటల నాలుగు నిమిషాల పదకొండు సెకండ్లని రాశాడు. ఆయన సీనియరు. ఆయనకన్నా ముందు అదరడం పెద్దల పట్ల బేఅదబీ, తర్వాత అదరడం గైరుహాజరు. అందుకని తక్కిన ఇద్దరూ సైకిళ్ల మీద వచ్చి, ఆయన్నడిగి, అదే రాసుకుపోయారు.

ముగ్గురికీ ఒకేసారి తగిలిందంటే ముగ్గురికీ సమాన దూరం. నాజిం సాబు (కచేరీకి పెద్ద) పటం మీద కొలిస్తే మొగల్‌పురాలో కృష్ణమ్మ బర్రెల కొట్టం తేలింది. పగులు మీద పశువులు నిలవరాదు, వారంలో ఖాళీ చేయాలని హుకుం వెళ్లింది. తీసుకెళ్లిన జవాను గుండయ్య రోజూ ఆమె దగ్గర పాలు పోయించుకునేవాడే.

"ఏంది గుండన్నా గిది? ఆ పొద్దు నా పాలగిన్నె సుత కదల్లే!"

"నీ గిన్నెనెవరడిగిండ్రక్కా? గడియారాలు చెప్పినయ్."

"ఆరు బర్రెలనేడికి తోల్కపోవాలె? ముప్పై ఇండ్లకు పాలు నీ గడియారాలు పిండుతయా?"

కృష్ణమ్మ కచేరీకే వెళ్లింది. నాజిం కుర్చీ వెనక గోడ పైనుంచి కిందిదాకా చీలి ఉంది.

"సాబ్, పగులు మీ యెన్కనే ఉన్నది గదా!"

ఆయన తిరిగి చూడలేదు. "అది గోడది, అమ్మా. గోడలది వేరే మహకమా. దరఖాస్తు ఆడ ఇయ్యి."

ఆమె మెట్లు దిగకముందే, కొట్టం గుర్తు పెట్టిన పటాన్ని చీలిక మీద తగిలించారు. వారానికి కృష్ణమ్మ బర్రెలను సైదాబాద్ అవతలికి తోలుకుపోయింది. ముప్పై ఇండ్లవాళ్లు చాయ్ నల్లగా తాగారు.

వానాకాలంలో మళ్లీ కుదిపింది. కచేరీ గోడ పటంతో సహా కూలింది. మూడు చౌకీలూ ఒకే సెకండు రాశాయి. కొట్టమే మళ్లీ తేలింది. "బర్రెలు పోయినా పగులు పోలేదు. పూర్వ నిర్ణయం రుజువైంది" అని నాజిం ఆరుబయట కూర్చుని రాశారు.

ఇక కచేరీకి చోటు కావాలి. మొగల్‌పురాలో ఒక కొట్టం ఖాళీగా ఉంది. హుకుంలో నిషేధం పశువులకే కాబట్టి, మరునాడే అందులోకి మారారు.