వంగినా గుర్తుండని లోహం

దేవుడు మనిషిని మట్టితో చేసి పొరపాటు చేశాడు. నికెల్, టైటానియం కలిపి చెయ్యాల్సింది! పూటపూటా ప్రార్థన చేసుకునేవాణ్ణి, ఆయన్ని తప్పుపట్టే సాహసం నాకెక్కడిది? ఏదో సందేహం వచ్చి అడుగుతున్నాను, అంతే.

నా కళ్ళజోడు ఫ్రేము ఆ మిశ్రమలోహమే. షాపతను దాని కాడను వేలికి చుట్టి వదిలాడు. టక్కున నిటారయింది! "దీని మీద కూర్చోండి, పడుకోండి సార్. దానికి గుర్తే ఉండదు" అన్నాడు. ఇందులోనే ఇంకో రకం తీగ ఉందట. చల్లగా ఉన్నప్పుడు వంచితే అలాగే పడి ఉంటుంది. వేడినీళ్ళలో వేస్తే పాత రూపం గుర్తొచ్చి లేచి కూర్చుంటుంది!

మా ఆఫీసులో ఇలాంటివాళ్ళు ఇప్పటికే కొందరున్నారు. మేనేజరు గదిలో నడుము రెండుగా మడుస్తారు. తలుపు దాటగానే నిటారు! ఒక్క మడత మిగలదు. మా బావగారిది ఆ రెండో రకం. ప్రవచనం విన్నంతసేపూ మెత్తగా ఉంటారు. ఇంటికొచ్చాక ఎవరైనా ఒక్క వేడి మాట అంటే చాలు, పాత బావగారు ప్రత్యక్షం!

అన్నిటికన్నా మేలురకం మా ఇంట్లోనే ఉంది. మా ఆవిడ! మంచం పట్టిన మా అమ్మను లేపి కూర్చోబెట్టడం, పిల్లల బట్టలు, నా లంచ్ బాక్సు... రాత్రికి విల్లులా వంగిపోతుంది. తెల్లారేసరికి నిటారు!

"ఏమండీ, నడుం పట్టేస్తోంది. నాలుగు రోజులు మా అక్క దగ్గర ఉండొస్తానండీ" అని ఎన్నాళ్ళుగానో అడుగుతోంది.

"నీకేంటోయ్! పొద్దున్నకి మామూలైపోతావుగా, ఇదిగో ఇలా!" అని కళ్ళజోడు తీసి, వంచి చూపించేవాణ్ణి.

మొన్న అలా చూపిస్తుండగానే ఠప్పుమంది. వంకర పోలేదు, ముందుగా ఒక్క హెచ్చరిక లేదు. రెండు ముక్కలు!

షాపుకు పరుగెత్తాను.

"ఎన్నిసార్లు వంచారు సార్?"

"లెక్కెవరు పెట్టారయ్యా? వంచినప్పుడల్లా మామూలైపోయేదిగా!"

"పైకలాగే ఉంటుంది సార్. లోపల సన్నటి పగులు పెరుగుతూనే ఉంటుంది."

తడుముకుంటూ ఇంటికొచ్చాను. దగ్గరికెళ్ళి చూస్తే, ఆవిడ వంటింటి గట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. కళ్ళజోడు పెట్టుకుని ఇన్నాళ్ళూ ఏం చూశానో మరి!

"మీ అక్కకి ఫోన్ చెయ్యి. సాయంత్రం బస్సెక్కిస్తాను."

"మరి అత్తయ్యని లేపేదెవరు?"

"నేను లేనూ?"

"మీ నడుం వంగుతుందా అసలు?" అని నవ్వింది.

వంగింది. ఆవిడ వెళ్ళిన మర్నాడే వంగింది, ఇంకా నిటారవలేదు. ప్రార్థనలో కూడా సగం వంకరగానే కూర్చుంటున్నాను.

నా సందేహం వెనక్కి తీసుకున్నాను స్వామీ. మట్టే నయం! వంగితే వంగినట్టు ఎదుటివాడికి కనిపిస్తుంది.