రెండో పాట తర్వాత ఒక కేక

ఆదివారం పొద్దున కళ్ళజోళ్ళ షాపాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యనీ బావమరిదినీ సోఫాలో కూర్చోబెట్టాలి, రికార్డు పెట్టాలి, రెండో పాట అయిపోయాక వాళ్ళ మొహాలు చూడాలి. అంతే.

ముందు ఆయన గొంతు సంగతి చెప్పాలి. అది గొంతు కాదు, గుసగుస. "కింది వరస చదవండి" అని ఆయనంటే, వచ్చినవాళ్ళు తమకి చెవులు కూడా పోయాయేమోనని కంగారుపడేవారు. రోడ్డు మీద బస్సు ఆపాలంటే భార్యే అరవాలి. అలాంటి మనిషి, కుర్రతనంలో ఒక రాక్ కచేరీకి వెళ్ళాననీ, రెండో పాట అవగానే "ముందున్న పొడుగాయనా, కూర్చోవయ్యా!" అని కేక వేస్తే స్టేడియం స్టేడియమంతా గొల్లుమందనీ పెళ్ళైనప్పటి నుంచీ చెబుతున్నాడు. ఎవరు నమ్ముతారు చెప్పండి!

"కల్లో అరిచుంటావు బావా" అనేవాడు బావమరిది. ఆయన నవ్వేసేవాడు గానీ లోపల ఉడికిపోయేవాడు. జన్మకి అరిచింది ఒక్కసారి, అదీ అబద్ధమంటే ఎలా?

ఇన్నేళ్ళకి ఆ కచేరీ టేపులు ఏదో గోడౌన్లో బయటపడ్డాయి. కంపెనీ వాటిని ఉన్నవి ఉన్నట్టు రికార్డుగా తెచ్చింది. ఆ రోజు జనం మధ్య వేలాడదీసిన మైకు సరిగ్గా తన నెత్తిమీదే ఉందని ఆయనకి బాగా గుర్తు.

"ఇవాళ తేలిపోవాల్సిందే" అంటూ బావమరిది తన పెద్ద స్పీకర్లు కూడా మోసుకొచ్చాడు. "కాస్త గట్టిగా పెట్టు బావా, నీ గొంతు కదా, వినపడొద్దూ!"

పెట్టాడు. మొదటి పాట అయింది. వేలమంది చప్పట్లు, ఈలలు, కాళ్ళతో నేల దబదబలాడించడం. ఇల్లంతా అదిరింది.

కింది వాటాలో బిల్డింగు సంఘం సెక్రటరీ గడ్డం గీసుకుంటున్నాడు. ప్రతి గుమ్మం దగ్గరా తల వంచాల్సినంత పొడుగు మనిషి. డాబాకి తాళం వేయించినప్పటి నుంచీ సగం బిల్డింగుకి ఆయనంటే మంట. నెత్తిమీద ఆ చప్పట్లు వినగానే ఆయన చేతిలో రేజరు ఆగిపోయింది.

"నాకు చెప్పకుండా మీటింగా! నన్ను దింపేస్తారా!" అంటూ సగం మొహం నురగతోనే మెట్లెక్కాడు. ఆయన భార్య వెంటనే తమవాళ్ళకి ఫోన్లు కొట్టింది. వాళ్ళు పరిగెత్తడం చూసి అవతలి పక్షం వాళ్ళు, "అయ్యో, మనకి తెలియకుండా మీటింగు పెట్టేసుకుంటున్నారు!" అని తామూ పరిగెత్తారు. తెలివైనవాళ్ళు కుర్చీలు కూడా తెచ్చుకున్నారు.

షాపాయన భార్య తలుపు తీసేసరికి బిల్డింగంతా లోపలికొచ్చేసింది.

"నేను రాజీనామా చెయ్యను!" అన్నాడు సెక్రటరీ.

"ఎవరడిగారండీ మిమ్మల్ని?" అందావిడ తెల్లబోయి.

"ఇప్పుడడుగుతున్నాం" అన్నాడు వెనకనుంచి లెక్కల మాస్టారు. "డాబా ఏమన్నా మీ తాతగారిదా?"

ఇంకేముంది! అందరూ ఒకేసారి అందుకున్నారు. అక్కడ రెండో పాట నడుస్తూనే ఉంది. సెక్రటరీ సరిగ్గా స్పీకర్లకీ సోఫాకీ మధ్య స్తంభంలా నిలబడ్డాడు.

"కొంచెం... జరుగుతారా..." అన్నాడు షాపాయన. పక్కనున్న భార్యకే వినపడలేదు. గిటారు చివరి మలుపు తిరిగింది. డ్రమ్ములు ఆగబోతున్నాయి. ఇన్నేళ్ళు ఎదురుచూసిన క్షణం డాబా తాళం గొడవలో కొట్టుకుపోతోంది. ఆయనకి ఏడుపొచ్చింది. ఆ వెనకే కోపమొచ్చింది. సోఫా ఎక్కి నిలబడ్డాడు.

"ముందున్న పొడుగాయనా, కూర్చోవయ్యా!"

కిటికీ అద్దాలు గలగలలాడాయి. జనం నోళ్ళు టక్కున మూతపడ్డాయి. సెక్రటరీ ఏం జరిగిందో తెలిసేలోపే నేలమీద చతికిలబడ్డాడు. పాట ఆగింది. ఆ నిశ్శబ్దంలో, స్పీకర్లలోంచి, అదే గొంతు, కాస్త లేతగా:

"ముందున్న పొడుగాయనా, కూర్చోవయ్యా!"

వెంటనే స్టేడియమంతా ఒకటే నవ్వు.

బావమరిది నోరు తెరిచాడు, మళ్ళీ మూయలేదు.

"నువ్వా!" అన్నాడు సెక్రటరీ నేలమీంచే. "ఆ రోజు కూర్చున్నది నేనేనయ్యా! అదీ బురదలో! ఆ కేక వేసిందెవడా అని ఇన్నేళ్ళుగా తిట్టుకుంటూనే ఉన్నాను!"

సెక్రటరీ మొహం మీది నురగ తుడుచుకుని, మెల్లగా నవ్వాడు. "అయితే రికార్డులో నేను కూడా ఉన్నట్టేగా! మొదట్నుంచీ వెయ్యి. డాబా తాళం తీయిస్తాను, అక్కడ పెడదాం, అందరూ వింటారు."

చప్పట్లు మోగాయి. వాటిలో స్పీకర్లవెన్నో ఇంట్లోవెన్నో ఎవరూ పట్టించుకోలేదు. షాపాయన సోఫా మీదే ఛాతీ విరుచుకుని నిలబడి, దండలు వేయించుకోబోయేవాడిలా నలుగురికీ చేతులూపాడు. బావమరిది వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "తప్పైపోయింది బావా" అన్నాడు.

భార్య మాత్రం ఆయన్ని కింది నుంచి పై దాకా ఒకసారి చూసింది. ఆవిడ కళ్ళలో గర్వం స్పష్టంగా కనబడుతోంది.

"రేపట్నుంచి బస్సు మీరే ఆపండి" అంది.