పెనుకొండ జట్టులో మొదటి పేరు

పదకొండు మంది ఆడే ఆట మొదలు కావాలంటే ముందుగా తొమ్మిది మంది కూర్చోవాలన్నది నాగరికత మనకు నేర్పిన తొలి పాఠం. పెనుకొండ పట్టణం ఈ పాఠాన్ని శ్రద్ధగా నేర్చుకుంది. బంతి కొనకముందే కుర్చీలు వేసింది.

హిందూపురం, ధర్మవరం జట్లు ఇరవై రెండేళ్లుగా ఫుట్‌బాల్ లీగ్ ఆడుకుంటున్నాయి. ఉన్నవి రెండే జట్లు కాబట్టి ఏటా ఒకరు విజేత, ఇంకొకరు రన్నరప్. ఓడినవాళ్లు కూడా కప్పుతోనే ఇంటికి పోయేవారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అయితే మూడో స్థానమే లేనిదాన్ని లీగ్ అనవచ్చా అని ఎవరో అనుమానం లేవదీశారు. మూడో స్థానంలో నిలవడానికి ఒక ఊరు కావలసి వచ్చింది. రెండూళ్ల నడుమ పెనుకొండ ఉంది.

కొత్త జట్టు వచ్చింది కనుక పాత జట్లను కూడా రద్దు చేసి, అగళి నుంచి కొత్తచెరువు దాకా పేర్లిచ్చిన నలభై ఎనిమిది మంది ఆటగాళ్లను ఒకే జాబితాలో పెట్టారు. మూడు జట్ల వాళ్లూ ధర్మవరంలో ఒకరోజు కూర్చుని, వంతులవారీగా ఒక్కొక్కరిని ఎంచుకోవాలి. కొత్తవాళ్లు కదా అని మొదటి వంతు పెనుకొండకు ఇచ్చారు. షరతు ఒక్కటే. ఏ స్థానానికి ముందు మనిషిని తీసుకుంటారో, ఏ స్థానానికి తర్వాత తీసుకుంటారో పేర్లతో సహా రాసి, సంఘ సభ్యులందరి సంతకాలతో, సీలు వేసిన కవరులో తేవాలి. దీనికి ‘స్థాన ప్రాధాన్య పట్టిక’ అని పేరు. (ఆట నియమాలు రెండు పేజీలు. ఈ పట్టిక నింపే విధానం పదకొండు పేజీలు.)

ఈ పట్టిక కోసం ఏర్పడిన తొమ్మిది మంది సంఘంలో ఫుట్‌బాల్ తెలిసినవారు ఎవరూ లేకపోవడం వల్ల నిష్పాక్షికత దానంతటదే సమకూరింది. అయినా ముందుజాగ్రత్తగా, హైస్కూలు డ్రిల్లు మాస్టరుగా రిటైరైన మల్లికార్జునను సాంకేతిక సలహాదారుగా పిలిచారు. ఓటు హక్కు లేదు. టీ ఉంది.

మల్లికార్జునకు ఈ సంఘంతో పని పడటానికి కారణం పౌలు. ఎర్రమంచికి చెందిన ఈ పౌలు, ఇళ్లు కట్టేచోట మొదటి అంతస్తు మీద నిలబడి, కింది నుంచి విసిరే ఇటుకలను పట్టుకుని పక్కన పేర్చే పని చేస్తాడు. ఒకరోజు ఆ దారిన పోతున్న మల్లికార్జున ఆగి, అరగంట చూశాడు. ఒక్క ఇటుక జారలేదు. మరుసటి ఆదివారం మైదానానికి పిలిచి గోల్‌లో నిలబెట్టి బంతి తన్నించాడు. పౌలు పట్టుకుని, బంతిని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇంత మెత్తగా ఉండాదేంది సార్?” అని నవ్వాడు. అది మూడేళ్ల కిందటి మాట. అప్పటి నుంచి రోజూ పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా మైదానం, ఎనిమిదికి ఇటుకలు.

పౌలుకు ఇరవై ఆరేళ్లు. ఒకే జట్టుకు వరుసగా రెండు సీజన్లు ఆడితే లీగ్ ఒక సర్టిఫికెట్ ఇస్తుంది. అది ఉంటే ఆటగాళ్ల కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. (పెట్టుకోవచ్చు, అంతవరకే.) హిందూపురం కోచ్ వేణుమాధవ్ పౌలు మీద అప్పుడే కన్నేశాడు. కానీ హిందూపురం జట్టుకు పోతే పొద్దున్నే అక్కడ ప్రాక్టీసు చేసి ఎనిమిదికి ఎర్రమంచి రావడం కుదరదు. పని పోతుంది. అందుకే మల్లికార్జున ఒకరోజు, మనుషులు అనాలోచితంగా అనే మాట ఒకటి అనేశాడు. “నువ్వేం దిగులు పడొద్దప్పా. పెనుకొండ తీసుకునే మొదటి పేరు నీదే.”

మొదటి సమావేశం సంఘాధ్యక్షుడు ఓబుళప్ప టెంటుహౌసు గోడౌనులో, పేర్చిపెట్టిన ప్లాస్టిక్ కుర్చీల మధ్య జరిగింది.

“మల్లికార్జున సార్, మీరు టెక్నికల్,” అన్నాడు ఓబుళప్ప. “ముందు మీరు చెప్పండి. తర్వాత మేం నిర్ణయిస్తాం.”

“ముందు గోల్‌కీపర్‌ని తీసుకోవల్ల,” అన్నాడు మల్లికార్జున. “నలభై ఎనిమిది మందిలో ఫార్వర్డులు ఇరవై ఒక్కమంది ఉండారు. ఎప్పుడైనా దొరుకుతారు. గోల్‌కీపర్లు ముగ్గురే. అందులో బంతి పట్టేది ఒక్కడే, పౌలు. మిగతా ఇద్దరూ ఫారంలో ఏదో ఒకటి టిక్కు పెట్టల్లని పెట్టినోళ్లు.”

ఈ లెక్క అందరికీ అర్థమైంది. అందువల్ల చర్చ మొదలైంది.

పట్టుచీరల వ్యాపారి కదిరప్ప లేచాడు. ఆయన మేనల్లుడు జాబితాలోని ఇరవై ఒక్కమంది ఫార్వర్డుల్లో ఒకడన్న సంగతికి, ఆయన అభిప్రాయానికి సంబంధం లేదని ఆయనే ముందుగా ప్రకటించాడు. “పేపర్లో ఫొటో పడేది ఫార్వర్డ్‌ది. గోల్‌కీపర్ ఫొటో ఎప్పుడు పడతాది? గోల్ అయినాక, కింద పడిపోయి ఉన్నప్పుడు. మొదటి పేరే కింద పడినోడిది పెట్టుకుంటే ఊరికి ఏం మర్యాదప్పా?”

కార్యదర్శి రాఘవేంద్ర తాలూకాఫీసులో సూపరింటెండెంటుగా చేసి దిగిన మనిషి. ఆయన నియమాల పుస్తకం తెరిచి, పెన్సిలుతో గీత గీసిన వాక్యం చూపించాడు. “ఈయన ఒక్కడే బంతిని చేత్తో తాకొచ్చని రాసినారు. పదిమందికి లేని సౌకర్యం ఒక్కనికి ఇస్తే మిగతావాళ్లు ఊరుకుంటారా? రేపు ఎవరన్నా పిటిషన్ పెడితే?”

“అది ఆట నియమం సార్,” అన్నాడు మల్లికార్జున.

“నియమమే. దాన్ని ఎవరు మంజూరు చేసినారు అని అడుగుతాండా.”

వివరణ కోరుతూ లీగ్‌కు ఉత్తరం రాయాలని తీర్మానించారు. మల్లికార్జున చివరి ప్రయత్నంగా, ప్రపంచమంతటా గోల్‌కీపర్ వేసుకునేది ఒకటో నంబరు చొక్కా అని, అందువల్ల ఒకటో పేరు అతనిదే కావడం సంప్రదాయమని చెప్పాడు. ఈ మాట సభను కదిలించింది. ఒకటో నంబరు చొక్కా అధ్యక్షుల వారికి కుట్టించాలని అక్కడికక్కడే నిర్ణయమైంది.

రెండో సమావేశంలో స్థానానికొక ఉపసంఘం వేశారు. ఫార్వర్డుల ఉపసంఘంలో ఏడుగురు చేరారు. నడుమవాళ్లకు ఒకరు, డిఫెండర్లకు ఒకరు. గోల్‌కీపర్ ఉపసంఘంలో మల్లికార్జున ఒక్కడే మిగిలాడు. ఆయనకు ఓటు లేదు కాబట్టి ఆయన తనతో తాను ఏకీభవించినా అది చెల్లదని రాఘవేంద్ర విచారంతో తెలియజేశాడు.

మూడో సమావేశం, అంటే కవరు సీలు వేసేది, ఎంపికకు ముందురోజు పొద్దున జరిగింది. రహస్యం కనుక ఓటు లేనివారు బయట ఉండాలన్నారు. మల్లికార్జున వీధిలో, షామియానా గుంజల కట్ట మీద గంటన్నర కూర్చున్నాడు. లోపల అరుపులు వినిపించాయి, తర్వాత నవ్వులు, తర్వాత బజ్జీల వాసన. చివరికి ఓబుళప్ప బయటికి వచ్చి, ఎర్ర లక్క వేసిన కవరు చేతిలో పెట్టాడు.

“రేపు మేమందరం కార్లో వస్తాం. మీరు బస్సులో దీన్ని జాగ్రత్తగా తెండి సార్. కార్లో జాగా లేదు.”

ధర్మవరం బస్సులో పౌలు ఆయన పక్కనే కూర్చున్నాడు. ఆ రోజు పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కొంతసేపు కవరునే చూశాడు.

“నా పేరు మొదట ఉండాది కదా సార్?”

“సీలు వేసినారు కదప్పా. నాకు మాత్రం ఎట్ల తెలుస్తాది?”

“మీరు చెప్పినారని మా యమ్మ ఇప్పటికే వీధంతా చెప్పుకొచ్చింది సార్.”

మల్లికార్జున కిటికీలోంచి బయటికి చూశాడు. బయట చూడదగ్గది ఏమీ లేదు. అయినా ధర్మవరం వచ్చేదాకా అటే చూశాడు.

ఎంపిక ఒక కల్యాణమండపంలో పెట్టారు. లీగ్ కన్వీనర్ యమున, ధర్మవరం కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్, మైకులో పిలిచింది. “మొదటి వంతు పెనుకొండ. దయచేసి పట్టిక చదవండి.”

కవరు ఓబుళప్ప చేతికి పోయింది. అధ్యక్షుడు చదివితే హుందాగా ఉండదని ఆయన రాఘవేంద్రకు ఇచ్చాడు. చదవడం సాంకేతిక విషయమని రాఘవేంద్ర దాన్ని మల్లికార్జునకు ఇచ్చాడు. మల్లికార్జున లక్క విరిచి, కాగితం విప్పాడు.

కింద తొమ్మిది సంతకాలు ఉన్నాయి, తేదీతో సహా. వాటి పైన కాగితం తెల్లగా ఉంది.

(జరిగిందేమిటో తర్వాత తెలిసింది. అధ్యక్షుడు చెబితే రాద్దామని కార్యదర్శి, కార్యదర్శి రాసే ఉంటాడని అధ్యక్షుడు, వాళ్లిద్దరూ ఏదో ఒకటి తేల్చుకుంటారని మిగతా ఏడుగురు, బజ్జీలు చల్లారకముందే సంతకాలు పెట్టారు. అరుపులు ఎందుకంటే, సంతకాల వరుసలో ఎవరు ముందన్న దాని మీద.)

ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో మల్లికార్జున ఒక్కరోజు కూడా రాయని అక్షరం చదవలేదు. తలెత్తి చూస్తే హాలు చివర, చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర పౌలు నిలబడి ఉన్నాడు. ముందు వరుసలో వేణుమాధవ్ తన కాగితం తెరిచి పెట్టుకుని కాచుకున్నాడు.

“మొదటి స్థానం, గోల్‌కీపర్,” అని మల్లికార్జున తెల్ల కాగితం చూసి చదివాడు. “ఎర్రమంచి పౌలు.”

తొమ్మిది తలలు ఒకదానివైపు ఒకటి తిరిగాయి. “ఎప్పుడు తీర్మానించినాంరా ఇది?” అని కదిరప్ప గుసగుసలాడాడు. “నువ్వు ఫోన్ మాట్లాడను బయటికి పోయినావు చూడు, అప్పుడు,” అన్నాడు పక్కనున్న సభ్యుడు, తానూ అప్పుడు బయటే ఉన్నాడన్నది చెప్పకుండా. వేణుమాధవ్ తన కాగితంలో మొదటి పేరు కొట్టేసి, వంగి ఓబుళప్పతో అన్నాడు. “గట్టి దెబ్బ కొట్టినారప్పా. ఎవరి ఆలోచన ఇది?”

“సంఘానిది,” అన్నాడు ఓబుళప్ప గంభీరంగా.

ఇక ఎవరూ కాదనలేకపోయారు. వంతు వచ్చినప్పుడల్లా మల్లికార్జున చదివాడు. ఇద్దరు డిఫెండర్లు, ఆ తర్వాత నడుమ ఆడే అగళి కుర్రవాడు, అలా ఒక్కొక్కరినీ ఆటకు కావలసిన వరుసలో. పదకొండో పేరుగా కదిరప్ప మేనల్లుణ్ణి చదివాడు. తెల్ల కాగితానికైనా కాస్త లోకజ్ఞానం ఉండాలి. తర్వాత యమున రికార్డు కోసం కాగితం అడిగితే, జిరాక్స్ తీసి ఇస్తానమ్మా అని వీధిలోకి పోయి, జిరాక్స్ షాపు బల్ల మీద పేర్లన్నీ పొందికగా రాసి తెచ్చి ఇచ్చాడు. సంతకాలకు సరిగ్గా పైన పట్టేలా రాశాడు. అక్షరాలు మాత్రం కొంచెం వంకరపోయాయి.

మూడో స్థానం కోసమని పుట్టించిన జట్టు ఆ ఏడాది నాలుగు మ్యాచ్‌లు ఆడింది. పెనుకొండ కొట్టిన గోల్స్ మూడు. పెనుకొండకు పడినవి ఏమీ లేవు. చివరి మ్యాచ్ సొంత మైదానంలో హిందూపురంతో. వేణుమాధవ్ మనుషులు పదిహేడుసార్లు గోల్‌వైపు తన్నారు. మల్లికార్జున గీత బయట నిలబడి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. చివరి అయిదు నిమిషాల్లో పెనాల్టీ వచ్చింది. పౌలు కదలకుండా నిలబడి, తన్నేవాడి భుజం చూసి, ఆఖరి క్షణంలో ఎడమకు దూకి బంతిని గుండెకు అదుముకున్నాడు. లేచి, దుమ్ము దులుపుకుని, మల్లికార్జున వైపు చూశాడు. ఆయన కళ్లలో దుమ్ము పడినట్టు తుడుచుకున్నాడు. గాలి లేదు ఆ రోజు.

కప్పు వచ్చింది. సన్మానం జరిగింది. తొమ్మిది శాలువాలు తొమ్మిది మందికి సరిపోయాయి. పేపర్లో ఫొటో పడింది. ముందు వరుసలో సంఘం, ఒకటో నంబరు చొక్కాలో అధ్యక్షుడు, వెనక జట్టు. పౌలు పొడుగరి కనుక అతని జుట్టు స్పష్టంగా కనిపించింది.

నెల తర్వాత వార్షిక సమీక్ష పెట్టారు. ఈసారి పట్టిక రాఘవేంద్ర స్వయంగా తయారుచేసి తెచ్చాడు. స్థానం, మనిషి, చేసిన పని, పని పరిమాణం అని నాలుగు కాలమ్‌లు. ఫార్వర్డులకు గోల్స్ మూడు. నడుమవాళ్లకు అందించిన బంతులు. గోల్‌కీపర్ దగ్గరికి వచ్చి ఆయన కళ్లద్దాలు సరిచేసుకున్నాడు.

“సీజన్ మొత్తం మీద మన మీద నమోదైన గోల్స్, సున్నా. నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా రాని చోట గోల్‌కీపర్ అవసరమా అని ఆడిట్ దృష్టితో ఆలోచించల్ల.”

మల్లికార్జునకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడ్డాడు. “వాడు ఉన్నందుకే రాలేదు సార్! పదిహేడు ఆపినాడు ఒక్క మ్యాచ్‌లో! నేను లెక్కపెట్టినా!”

“అది రికార్డులో యాడ ఉండాది సార్?” అన్నాడు రాఘవేంద్ర నొచ్చుకుంటూ. “వచ్చిన గోల్‌కి కాలమ్ ఉండాది. రాని గోల్‌కి కాలమ్ యాడ పెట్టేది?”

“కూర్చోండి సార్,” అన్నాడు ఓబుళప్ప అనునయంగా. “మీ పౌలు మంచోడే. మంచోడు కాదని ఎవరన్నారు?”

వచ్చే సీజన్‌కు గోల్‌కీపర్ స్థానాన్ని రద్దు చేసి, ఆ ఖాళీలో ఇంకో ఫార్వర్డ్‌ను తీసుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. (గోల్‌కీపర్ లేకుండా జట్టును ఆడనిస్తారా అన్న ప్రశ్నను ఒక ఉపసంఘానికి అప్పగించారు.) మల్లికార్జున లీగ్‌కు ఫోన్ చేశాడు. రెండు సీజన్ల నియమంలో సడలింపు ఉండదని, ఒక సీజన్‌కు అభినందన పత్రం మాత్రం ఇవ్వవచ్చని యమున బాధపడుతూనే చెప్పింది.

సంగతి తానే చెప్పాలని ఆయన ఎర్రమంచి పోయాడు. రోడ్డు పక్క టీకొట్టులో పౌలు ఎదురుగా కూర్చుని, దాచకుండా, వరుసగా అంతా చెప్పాడు. పౌలు వింటూ టీ చల్లారబెట్టాడు. కోపం తెచ్చుకోలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

“సార్, ఒక్క గోల్ వదిలేసుంటే నన్ను పెట్టుకునేవాళ్లా?”

మల్లికార్జున ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు కొలువు చేసిన మనిషి.

“ఒక్కటి వదిలుంటే పెట్టుకునేవాళ్లప్పా,” అన్నాడు. “రెండు వదిలుంటే పర్మనెంట్ చేసుండేవాళ్లు.”