అక్షయ మౌనంపై అఖిల శాస్త్ర సదస్సు

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో రెండో లాక్‌డౌన్ నడుస్తుండగా, చిరంజీవి అక్షయకు మాటలు రాకపోవడంపై అఖిల శాస్త్ర సదస్సు ఒక శనివారం కంప్యూటర్ తెర మీద మహా వైభవంగా జరిగింది. పాపకు మూడేళ్లు నిండవస్తున్నాయి. నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. "అమ్మా" అన్న పిలుపు చెవిన పడితే తల్లి భావనకు వారం రోజులు అన్నం అక్కర్లేదు.

పిల్లల డాక్టరుకు ఫోన్ చేస్తే "టెర్మిన్ ఉందా?" అని అడిగారు. టెర్మిన్ అంటే ఫలానా రోజున రమ్మని వాళ్లిచ్చే అనుమతి. అది లేనిదే ఆ దేశంలో జుట్టు కూడా కత్తిరించరు. "అదే ఇమ్మంటున్నానండీ" అంది భావన. ఎండాకాలంలో చూద్దామన్నారు. అప్పటినుంచి కాఫీ ఇద్దామని ఆమె గది తలుపు తట్టినప్పుడల్లా, ఇంటినుంచే ఉద్యోగం చేస్తున్న భర్త శరత్ కూడా లోపలినుంచి "టెర్మిన్ ఉందా?" అనేవాడు. మొదటి నెల ఇద్దరూ నవ్వారు. రెండో నెల నుంచి ఆమె ముందే చెప్పి వచ్చేది.

పాపను పంపే కీటా, అంటే అక్కడి పసిపిల్లల బడి, మూతపడింది. గదిలో నాన్న మీటింగు, వంటింట్లో అమ్మ మీటింగు. పాప నోరు తెరవబోతే చాలు, అటు ఒకరు ఇటు ఒకరు పెదవుల మీద వేలు పెట్టుకుని "ష్" అనేవారు. ఇంత క్రమశిక్షణగా పెంచుతున్నా లోపం ఎక్కడుందో ఎవరికీ అంతుబట్టలేదు. అందుకే సదస్సు.

తెలుగు సంఘం అధ్యక్షులు గోవిందరాజులు గారు ఉద్వేగంగా ప్రారంభోపన్యాసం చేశారు. మ్యూట్‌లో ఉన్నారని చెప్పాక, అంతే ఉద్వేగంతో మళ్లీ చేశారు. "ఎదుగుదల ఆగిపోవడం ఒక్క పిల్లల సొత్తు కాదు సోదరులారా! అది సకల శాస్త్రాల ఉమ్మడి ఆస్తి!"

మొక్కల శాస్త్రం చదివే గిరిజ, మొగ్గలు చలికి నిద్రపోతాయి కాబట్టి పాపను ఫ్రిజ్‌కు దూరంగా ఉంచమంది. ఆర్థికశాస్త్రం కమలాకర్, వెనకబడిన దేశాల్లాగే పాపకూ విదేశీ పెట్టుబడి కావాలన్నాడు.

"అంటే చాక్లెట్లా?" అన్నాడు శరత్, రాసుకుంటూ.

వంతెనల మీద పరిశోధన చేసే శ్రీచరణ్ గొంతు సవరించుకున్నాడు. "పని మధ్యలో ఆగిందంటే కాంట్రాక్టర్‌ని మార్చాలి అక్కా."

"ఆ కాంట్రాక్టరు తలుపేసుకుని కూర్చున్నాడు తమ్ముడూ" అంది భావన వంటింట్లోంచి.

ముగ్గురి పరిశోధనలూ ఏళ్ల తరబడి అంగుళం కదలలేదు. అంచేత ఈ విషయంలో వారి అనుభవానికి తిరుగులేదు.

సరిగ్గా అప్పుడే అక్షయ తండ్రి ఒళ్లోకి ఎక్కి, తెరకేసి చూసి, తడుముకోకుండా "హలో, వినిపిస్తోందా?" అంది.

అలవాటు కొద్దీ తలలన్నీ ఊగాయి. "ఆఁ, వినిపిస్తోంది, చెప్పండి" అన్నారు అధ్యక్షులు. వెంటనే గడియారం చూసుకుని, "ప్రశ్నలు చివర్లో తీసుకుందాం" అన్నారు.

భావన చేతిలో గరిటె జారిపోయింది. "ఏవండీ! మాట్లాడిందండీ!" అంటూ పరుగెత్తుకొచ్చింది. శరత్ పెదవుల మీద వేలు పెట్టుకుని "ష్" అన్నాడు. పాపకు మాటలు లేవని నిర్ధారించే తీర్మానం చదవడం మొదలుపెట్టాడు. ఒళ్లో ఉన్న పాప మ్యూట్ నొక్కేసింది. శరత్ పెదవులాడిస్తూ ఆ తీర్మానం మొత్తం చదివాడు. చప్పట్ల మధ్య అది ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

భావన పిల్లను ఎత్తుకుని వంటింట్లోకి తెచ్చి, బల్ల మీద కూర్చోబెట్టింది. కళ్లు తుడుచుకుని, "ఇంకొక్క మాట తల్లీ. అమ్మతో మాట్లాడవూ?" అని బతిమాలింది.

అక్షయ తల్లిని ఎగాదిగా చూసింది.

"టెర్మిన్ ఉందా?"