పదిహేడో నంబరు పక్షి

పశువుల డాక్టరుకు ఆ మంగళవారం ఉన్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి చెరువు పక్కన బాతులమ్మ షెడ్డుకు వెళ్లి, ఇరవై బాతుల గొంతుల్లో దూదిపుల్లలు తిప్పి నమూనాలు తీసుకోవాలి. పదింటికి అత్తగారిని పళ్ల డాక్టరుకు చూపించాలి. ఆ తర్వాత ఆఫీసులో కుర్చీలో కూలబడాలి. వలస పక్షులు దిగే కాలంలో అతనికి వారం వారం ఇదే పని. చెరువులోని అడవి పక్షుల నుంచి పెంపుడు బాతులకు బర్డ్ ఫ్లూ పాకుతోందేమో కనిపెట్టి ఉండాలి.

మనిషికి ఒక్కచోట కాలు నిలవదు. బూట్లు వేసుకుంటూ పళ్లు తోముకునే రకం. ఆ పొద్దున కూడా ఒక కాలికి బూటు, చెవి దగ్గర ఫోను, ఫోన్లో ఆఫీసు పెద్దసారు.

"ఏవండీ, నిన్న చెరువు గట్టున దొరికిందని తెచ్చి చెప్పుల అరలో పడేశారే, ఆ బురద వస్తువు. మర్చిపోతారని మీ సంచి పక్క జేబులో వేస్తున్నా," అంది భార్య. దాన్ని వంటింటి పట్టకారుతో దూరంగా పట్టుకుని ఉంది.

"ఊఁ," అన్నాడు డాక్టరు పెద్దసారుతో. భార్య తనతోనే అన్నాడనుకుంది. చెంప పట్టుకుని సోఫాలో కూర్చున్న అత్తగారు మాత్రం అంతా విన్నారు.

ఆ బురద వస్తువు అగ్గిపెట్టెంత ట్రాన్స్‌మిటరు. ఏటా కొన్ని వలస బాతుల్ని పట్టి, నమూనాలు తీసి, వీపుకి ఇలాంటిది కట్టి వదులుతారు. పట్టీ తెగి ఊడిపోతే వెంటనే ఆఫీసుకు రాసివ్వాలి. ఆ ఫారంలో పద్నాలుగు గడులు ఉంటాయి. ఇది బురదకొట్టుకుపోయి నంబరు కనబడలేదు. పోయినేడాదిది, బ్యాటరీ చచ్చిందేదో అయ్యుంటుందిలే అని డాక్టరు తనకు తానే సర్దిచెప్పుకుని, రేపు రాద్దాంలే అనుకున్నాడు. తెల్లారేసరికి దాని సంగతే మర్చిపోయాడు.

షెడ్డు గేటు దగ్గర బాతులమ్మ అతన్ని ఎప్పటిలాగే ఆపింది. సున్నపునీళ్ల తొట్టిలో బూట్లు ముంచనిదే, చేతులు కడగనిదే ఆవిడ ఎవర్నీ లోపలికి రానివ్వదు. మూడేళ్ల కిందట అవతలి గట్టు మీద ఒక్క బాతుకు జబ్బు తగిలితే మందనంతా పూడ్చిపెట్టారు. అది కళ్లారా చూసిన మనిషి.

"రెండు వందల అరవై బాతులు డాక్టరు గారూ. నాకు కూడూ గుడ్డా ఇవే. ఏం కాదు కదా?"

"నేనున్నాను కదమ్మా," అన్నాడు డాక్టరు. కారులో అత్తగారు మూలుగుతున్నారు కాబట్టి అంతకు మించి ధైర్యం చెప్పడానికి తీరిక లేకపోయింది.

పళ్ల ఆస్పత్రి రెండో అంతస్తులో అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, చెంపకి మత్తుమందు ఇచ్చి, నోటినిండా దూది కుక్కేసరికి పెద్దసారు ఫోను చేశారు.

"పదిహేడో నంబరు పక్షి రిపోర్టు వచ్చిందయ్యా. జబ్బుంది. ఎనిమిదిన్నరకి అదెక్కడుందో తెలుసా? బాతులమ్మ షెడ్డులో."

"ఎనిమిదిన్నరకి నేనే అక్కడున్నాను సార్. పిచ్చుక కూడా రాలేదు."

"అంటే నా మ్యాపు అబద్ధమాడుతోందా?"

గోడంత తెర మీద అరగంటకోసారి పక్షుల చుక్కలు చూపించే ఆ మ్యాపు వచ్చి నెల రోజులే అయింది. అప్పటినుంచి పెద్దసారు భోజనం కూడా దాని ముందే చేస్తున్నారు.

"జబ్బుపక్షి షెడ్డులో దూరితే రూలేంటో నీకు తెలుసు. మూడింటికి టీము వెళ్తుంది, మందనంతా చంపి పూడ్చేస్తారు. ఈలోగా ఆ పక్షిని పట్టుకుని, ట్రాన్స్‌మిటరు తప్పు చెబుతోందని రుజువు చేస్తే సరి. ఆగాగు, చుక్క కదిలింది. ఇప్పుడు పళ్ల ఆస్పత్రిలో ఉంది."

డాక్టరు మెట్లు దిగి పరుగెత్తాడు. కారులోంచి వల తెచ్చి కిటికీ చూరులు, నీళ్ల ట్యాంకు, ఏసీ పెట్టెల వెనక సందులు అన్నీ గాలించాడు. విషయం తెలిసి పేషెంట్లు ఒక్కొక్కరే మెట్లు దిగిపోయారు. చివరికి పళ్ల డాక్టరు కూడా చేతిలో పట్టకారుతో సహా దిగిపోయాడు. అత్తగారు ఒక్కరే కుర్చీలో మిగిలి, సంచి వైపు చెయ్యి చూపిస్తూ ఏదో మూలిగారు. దాహమేమో అనుకుని అల్లుడు సంచిలోంచి నీళ్ల సీసా తీసిచ్చాడు. ఆవిడ దాన్ని విసిరికొట్టారు.

పన్నెండింటికి పెట్రోలు బంకులో ఉండగా మళ్లీ ఫోను.

"పెట్రోలు బంకు," అన్నారు పెద్దసారు.

"నేనూ బంకులోనే ఉన్నాను సార్."

"పక్షి పగబట్టిందయ్యా. పట్టీ కట్టింది నువ్వేగా? మొహం గుర్తుపెట్టుకుంది."

పెద్ద చదువులు చదివిన మనిషి ఆ మాట అంటే నవ్వాలి. డాక్టరుకు నవ్వు రాలేదు. తల బయటపెట్టి ఆకాశంలోకి చూశాడు. రెండు గంటలపాటు సందు సందూ తిరిగాడు. వెళ్లిన చోటికల్లా అరగంట ఆలస్యంగా పక్షి వస్తూనే ఉంది. తల ప్రాణం తోకకొచ్చింది. వెనక సీట్లో అత్తగారు సంచి చూపిస్తారు, అతను నొప్పి మాత్ర ఇస్తాడు. ఆవిడ నెత్తి కొట్టుకుంటారు.

మూడింటికి షెడ్డు దగ్గరికి చేరేసరికి తెల్లటి సూట్లు వేసుకున్న నలుగురు గోనెసంచులతో దిగి ఉన్నారు. బాతులమ్మ గేటుకు అడ్డంగా నిలబడి ఉంది.

"నేనున్నానన్నారు కదా డాక్టరు గారూ," అంది. గొంతు పెంచలేదు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు అత్తగారు కారు దిగారు. మత్తు దిగింది. నోట్లోంచి దూది తీసి అవతల పారేశారు.

"పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నాను అల్లుడుగారూ. అది మీ సంచిలో ఉంది. అమ్మాయి మీతో చెప్పే వేసింది. మీరు ఊఁ కొట్టారు కూడాను."

డాక్టరు పక్క జేబులో చెయ్యి పెట్టాడు. బయటికి తీసి బురద గీకాడు. పదిహేడు.

నాలుగడుగుల్లో చెరువుంది. విసిరేస్తే గుట్టు మునిగిపోతుంది, కానీ షెడ్డు మీద పడ్డ చుక్క చెరగదు. లోపల బాతులు మేత కోసం గోల చేస్తున్నాయి. డాక్టరు పెద్దసారుకు ఫోను కలిపి, స్పీకరు పెట్టి, చెప్పుల అర దగ్గర మొదలుపెట్టి ఒక్క ముక్క దాచకుండా చెప్పేశాడు.

పెద్దసారు వెంటనే అసలు ప్రశ్న అడిగారు.

"అయితే పొద్దున ఆ సంచి షెడ్డులోకి వెళ్లిందా? వెళ్తే పక్షి వెళ్లినట్టే లెక్క."

బాతులమ్మ ఫోను లాక్కుంది.

"నా షెడ్డులోకి ఎవరి సంచీ రాదు సారూ. గేటు బయట స్తంభానికి మేకు ఉంది, దానికే తగిలించాలి. ఈయనతోనూ అదే చేయించాను. ఫోను కూడా అందులోనే పెట్టించాను. పుల్లలూ సీసాలూ చేత్తో పట్టుకెళ్లారంతే."

తెల్లసూట్లాయన మేకు చూశాడు. టేపుతో కొలిచాడు. షెడ్డుకు నలభై అడుగుల దూరం. తన మ్యాపు నలభై అడుగుల తేడా పట్టలేదని పెద్దసారే ఒప్పుకోవాల్సి వచ్చింది.

"సరే, బాతుల జోలికి వెళ్లకండి," అన్నారు పెద్దసారు. బాతులమ్మ అక్కడే నేల మీద చతికిలబడిపోయింది. "మరి జబ్బుపక్షి మీద నుంచి ఊడిన ఆ వస్తువును వట్టి చేత్తో ఎవరు ముట్టుకున్నారు?"

భార్య పట్టకారుతో పట్టుకుంది. అత్తగారు వేలు చూపించారంతే. అందరూ డాక్టరు చేతిలోకి చూశారు. అంత దూరం వచ్చిన తెల్లసూట్లవాళ్లు ఊరికే తిరిగి వెళ్లలేదు.

డాక్టరుకు ఆఫీసు వెనక గదిలో పది రోజులు ఒంటరివాసం. రోజూ పొద్దున్నే గొంతులో దూదిపుల్ల. రెండోరోజు బాతులమ్మ కిటికీ దగ్గరికొచ్చి, మంగళవారం తీసిన బాతుల నమూనాల్లో ఏ జబ్బూ లేదని రిపోర్టు వచ్చిందని చెప్పింది.

"పుల్ల తిప్పితే ఎలా ఉంటుంది డాక్టరు గారూ? మా బాతులు చెప్పలేవుగా."

"కొంచెం నెమ్మదిగా తిప్పొచ్చమ్మా," అన్నాడు డాక్టరు బొంగురు గొంతుతో.

ఆ ట్రాన్స్‌మిటరును కవర్లో పెట్టి సీలువేసి అదే గదిలో బీరువా మీద ఉంచారు. ఆపడం మాత్రం ఎవరికీ గుర్తులేదు. పదో రోజున పెద్దసారు పైఆఫీసుకు పంపిన నివేదికలో, మ్యాపు చూసి తన చేత్తోనే ఇలా రాశారు: "పదిహేడో నంబరు పక్షి మన ఆఫీసులోనే స్థిరపడింది, ఎగిరిపోయే సూచనలేవీ లేవు."