అయిదో వంతు నిర్మూలన

మానవజాతిని అనాదిగా పట్టి పీడిస్తున్న అయిదో వంతు ఈ విద్యా సంవత్సరం నుంచి లేదని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను. ఏడో వంతు, పదకొండో వంతు కూడా పోయాయి గానీ వాటి కోసం కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు.

జరిగిందేమిటంటే, సగానికి మూడో వంతు కలపమంటే బడిపిల్లలు పైవాటిని పైవాటితో, కిందవాటిని కిందవాటితో కూడేసి 'రెండు బై అయిదు' అని రాస్తున్నారు. దీనికి కారణం తేల్చమని విద్యాశాఖ ఒక సంఘాన్ని వేసింది. తప్పు జరిగిన ప్రతిచోటా అయిదు కనిపించింది కాబట్టి దోషి అయిదేనని సంఘం తేల్చింది. (క.సా.గు. నేర్పితే సరిపోతుందని ఒక సభ్యుడు అన్నారట. ఆయన ఇప్పుడు సంఘంలో లేరు.)

అలా పుట్టిందే ఏకహార విధానం. ఇకమీదట ఏ భిన్నానికైనా కింద పన్నెండే ఉండాలి. పన్నెండులో రెండు పోతుంది, మూడు పోతుంది, నాలుగు పోతుంది, ఆరు పోతుంది. పోనివాటిని శాఖే పోగొట్టింది. (తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు కదా అధికారులు. మూడు పన్నెండులో పోతుంది గనుక ఆ కుందేలుకు వచ్చిన ఇబ్బందేమీ లేదు.)

ఇబ్బందల్లా మా ఇంటికి వచ్చింది. మేం అయిదుగురం. మా అమ్మ, నేను, మా ఆవిడ, ఇద్దరు ఆడపిల్లలు. ఇంటికి ఏ పండు తెచ్చినా కోసి వాటాలు వేసేది అయిదో తరగతి చదివే మా చిన్నది. ఆ తీర్పు మీద ఇంతవరకూ ఒక్క అప్పీలూ లేదు. అలాంటి పిల్లను, అయిదుగురున్న ఇంట్లో ఒక్కొక్కరి వాటా ఎంత అని బడిలో ట్యాబ్ అడిగింది. 'ఒకటి బై అయిదు' అని కొట్టింది. 'అటువంటి సంఖ్య లేదు, మళ్లీ ప్రయత్నించండి' అని వచ్చింది. ఇది మళ్లీ అదే కొట్టింది. అలా ఇద్దరూ పంతానికి పోగా, చివరికి ట్యాబ్ అలిగి మూసుకుపోయింది.

మర్నాడు నాకు బడి నుంచి పిలుపు వచ్చింది. పాత బెంచీలు పడేసే గదిలో ఒక బల్ల వేసుకుని భిన్నాల సమన్వయాధికారి కూర్చుని ఉన్నారు. పక్కన లెక్కల టీచరమ్మ, మా చిన్నది నిలబడి ఉన్నారు.

"మీ పాప బాగా మొండిదండీ" అన్నారు అధికారి.

"జవాబు కరెక్టే కదండీ?"

"కరెక్టేనండీ. కాదని ఎవరన్నారు? దానికి మార్కుల్లేవు, అంతే. రెండు బై పన్నెండు అని రాస్తే ఆరో తరగతికి వెళ్తుంది. లేదంటే స్నేహితులంతా వెళ్తారు, తను ఇక్కడే ఉంటుంది."

మా చిన్నది ఊరుకోలేదు. "మనిషికి రెండేసి ముక్కలిస్తే పదే అవుతాయి కదండీ. ఇంకో రెండు ఎవరికి?"

"ఎవరికీ కాదమ్మా. అవి లెక్కలోకి రావు."

టీచరమ్మ పైకప్పు కేసి చూస్తూ నిలబడింది. బయటికొచ్చాక పిల్లను దగ్గరికి తీసుకుని, "పైకి వాళ్లు చెప్పింది రాసెయ్యి తల్లీ. అయిదో వంతు మనసులో దాచుకో" అంది.

"మీరూ దాచుకున్నారా టీచర్?"

"దాచుకున్నానమ్మా. ఎక్కడ పెట్టానో గుర్తు రావట్లేదు."

ఇంటికొచ్చాక నాకు కోపం ముంచుకొచ్చింది. శాఖ మీద చూపించే దారి తెలియక పిల్ల మీదే చూపించాను. "నీకు తెలుసు, నాకు తెలుసు, రాసేస్తే నీ సొమ్మేం పోయింది?" అని అరిచాను. అది వెక్కి వెక్కి ఏడ్చింది. తెల్లారి లేచి, బడికి వెళ్లి, రాసేసింది. నూటికి నూరు వచ్చాయి. (ట్యాబ్ కూడా అలక మానింది.)

పాసైందన్న సంబరంలో సాయంత్రం పెద్ద కేకు పట్టుకొచ్చాను. మా చిన్నది దాన్ని పన్నెండు ముక్కలు కోసి, మనిషికి రెండేసి పెట్టి, కత్తి కడిగి వచ్చి కూర్చుంది. పళ్లెంలో రెండు ముక్కలు మిగిలాయి. మా పెద్దది వాటికి చెయ్యి చాపితే చేతి మీద ఒక్కటి వేసింది.

"ఆ రెండూ ఎవరికే?" అంది మా అమ్మ.

"అవి లేవు నానమ్మా."

"కళ్లెదురుగా కనబడుతుంటే లేవంటావేంటే?"

"మొదట్లో నాకూ కనబడేవి" అని చెప్పి తన వాటా తినడంలో పడింది.