ఒక్క లైను, ఐదు ఫోన్లు

గోదావరి ఒడ్డున ఒక మండలాఫీసులో ఒకే టెలిఫోన్ లైనుకు ఐదు ఫోన్లు తగిలించినప్పటి నుంచి, బయటి నుంచి వచ్చే ప్రతి వాక్యమూ ఐదు ముక్కలై బల్లకొక మాట చొప్పున చేరుతోంది. మొదట్లో కొంత గందరగోళమైంది. లైన్‌మన్ వచ్చి చూసి, లైనుకున్న బలం అంతేనన్నాడు. ఎవరి బల్లకు చేరిన మాట మీద వారే చర్య తీసుకోవాలని సూపరింటెండెంట్ వరాహమూర్తి సర్క్యులర్ తిప్పాక అంతా సర్దుకుంది.

శ్రావణంలో ఒక ఉదయం ఐదు ఫోన్లూ కలిసి మోగాయి. అవతల లంకలో ఉండే నూకరత్నం.

"మా లంకలోకి నీళ్ళొచ్చేసేయండి, పడవ పంపండి," అందామె.

భూముల బల్లకు "మా" అని వినిపించింది. హక్కు రుజువు చూపాలని అక్కడ రాసుకున్నారు. సర్వే బల్లవారు "లంకలోకి" అన్నదాన్ని పటంలో గుర్తు పెట్టారు. తాగునీటి బల్ల దగ్గర సుగుణకుమారికి "నీళ్ళొచ్చేసేయండి" అని వినబడింది. అలాంటి మాటను పరిష్కారమైన ఫిర్యాదుల్లో రాయాలి. లైసెన్సుల బల్లకు "పడవ" చేరింది. దరఖాస్తు ఫారం తీసి పెట్టారు. టపా గుమాస్తా "పంపండి" విని, ఏం పంపాలో తెలిసేవరకు ఆగుదామనుకున్నాడు.

ఆ గొంతులోని వణుకు సుగుణను కుదురుగా కూర్చోనివ్వలేదు. బల్లబల్లకూ తిరిగి, ఐదు మాటలూ ఒక కాగితం మీద వరసగా రాసి వరాహమూర్తి ముందు పెట్టింది.

"ఈ వాక్యం ఏ ఫోన్లో వచ్చిందమ్మా?" అన్నాడాయన.

"ఏ ఒక్కదాంట్లోనూ రాలేదండి."

"రాని మాట మీద పడవెలా పంపుతాం?"

ఆయన కోపంగా అనలేదు. సుగుణ తన బల్ల దగ్గరకు వచ్చి, ఫిర్యాదు పరిష్కారమైందని రాసింది.

నాలుగో రోజు నూకరత్నం బురద చీరతోనే ఆఫీసుకు వచ్చింది. అవతలి గట్టు జాలర్లు ఆమెను బడి డాబా మీంచి దింపారు. సుగుణ గుమ్మం దాకా ఎదురెళ్ళి మెల్లగా చెప్పింది.

"మామ్మగారూ, అంతా ఒకచోట చెప్పేస్తే ఎవరూ రాసుకోరండి. బల్లకో మాట చెప్పండి."

నూకరత్నం తలూపింది. భూముల బల్ల ముందు నిలబడి "మా" అంది. సర్వే బల్ల దగ్గర "ఆయన" అంది. సుగుణ దగ్గరకొచ్చి "ఇంకా" అంది. సుగుణ తలెత్తకుండా రాసుకుంది. లైసెన్సుల బల్ల దగ్గర "ఇంటికి" అంది. చివరి బల్ల చేరి దాని అంచు పట్టుకుంది. టపా గుమాస్తా ఓపిగ్గా ఆగాడు.

"రాలేదండి."

అతను టపా పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాడు.

"నిజమేనమ్మా, రాలేదు," అని ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నాడు.